విశ్రామ్ అనేదాకా

మా డ్రిల్ టీచర్ పోయారు.

ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాగితం మీద పెట్టాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ముందు రోజు పొద్దున నారాయణగూడలో మేం ఈత కొట్టే పూల్‌లో ఆమె నా పక్కనే ఉన్నారు. నా చీలమండ పట్టుకొని నీళ్ళలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు జర మనిషి కాలు లెక్క ఉన్నది" అన్నారు. మర్నాడు పొద్దున నేను తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఆమె చెల్లెలు అశోక్ నగర్ నుంచి ఫోన్ చేసింది.

"లేచి సంచి సర్దుకున్నది. చాయ్ తాగింది. చెప్పులేసుకునేతందుకు వంగింది. గంతే. డాక్టర్ వచ్చి చూసిండు. గుండె ఆగిందన్నడు."

నేను ఏమన్నానో చెప్తే మీరు నవ్వుతారు. "అయితే ఇయ్యాల పూల్‌కు రారా?" అని అడిగాను. అవతల ఆవిడ మెల్లగా "రాదమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

మనిషికి మతి పోవడం అంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది. నేను అశోక్ నగర్ వెళ్ళాలి కదా. వెళ్ళలేదు. సంచి భుజాన వేసుకొని తిన్నగా పూల్‌కు నడిచాను. ఆ రోజు నేను మొదటిసారి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆగకుండా ఈదాలి, టీచర్ గట్టు మీద నా వెంబడి నడవాలి. అది ముందు రోజే అనుకున్న మాట. ఆమె మాట ఇస్తే తప్పరు కాబట్టి అక్కడికి పోతే ఉంటారని నా కాళ్ళు అనుకున్నట్టున్నాయి.

పూల్‌లో మా లేడీస్ బ్యాచ్ అప్పటికే దిగింది. నేను గట్టు మీద నిలబడి చెప్పాను. విద్యానగర్ నుంచి వచ్చే అక్క నీళ్ళలోంచే, "ఊకో, ఎవరో తప్పు చెప్పి ఉంటరు, నిన్ననే కదా నన్ను తిట్టింది" అంది. నేను రెయిలింగ్ వైపు చూశాను. టీచర్ నీలం తువ్వాలు నిన్నటి నుంచి అక్కడే ఆరేసి ఉంది. ఆమె ఏదీ మర్చిపోయే మనిషి కాదు. రేపు మళ్ళీ వస్తాను కదా అని వదిలేసి ఉంటారు. ఆ తువ్వాలు చూసి విద్యానగర్ అక్క గట్టు ఎక్కి కూర్చుంది. ఆ రోజు ఇంకెవరూ ఈదలేదు.

టీచర్ గురించి చెప్పాలంటే ముందు నా కాళ్ళ గురించి చెప్పాలి.

మాది చిక్కడపల్లిలో మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, లైనింగ్‌లు, ఫాల్స్, లేసులు, రిబ్బన్లు. పెళ్ళయిన కొత్తలో కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని, ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నా అక్కడే నిలబడి ఉన్నాను. మోకాళ్ళు మొరాయించాయి. డాక్టర్ ఈత కొట్టమన్నాడు. "ఈ వయసులనా?" అంటే, "ఈ వయసుకే" అన్నాడు. సరేనని చేరాను. తేలడం వచ్చింది. చేతులు కూడా బాగానే ఆడాయి, ఎందుకు ఆడవు, జన్మంతా తానులు లాగి పరిచిన చేతులవి. కాళ్ళు మాత్రం నాతో రామన్నాయి. చేతులు ముందుకు లాగుతుంటే నడుం కింద భాగం నీళ్ళలో వేలాడుతూ వచ్చేది. నాలుగు బారలు వేసేసరికి ఆయాసం.

అక్కడ నేర్చుకునే వాళ్ళకు చేతుల్లో పట్టుకోవడానికి ఒక ఫోమ్ ముక్క ఇస్తారు. మేమంతా దాన్ని పలక అంటాం. పలక పట్టుకొని కాళ్ళు మాత్రమే ఆడిస్తూ పోవాలి. అందరూ ముందుకు పోతున్నారు. నేను ఎంత గట్టిగా కొడితే అంత ఉన్నచోటే ఉంటున్నాను. కాదు, నిజం చెప్పాలి, మెల్లమెల్లగా వెనక్కి పోతున్నాను. ఇది జరిగే పనేనా అని మీరు అడగొచ్చు. జరుగుతుంది. నేను చేశాను. బ్యాచ్ మొత్తం గోడ పట్టుకొని నవ్వింది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఆ ఉల్టా పోతున్న పిల్ల ఎవరే?"

అరవైకి దగ్గరైన మనిషిని పిల్లా అనేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారు? ఆ గొంతు విని నా వెన్ను దానంతటదే నిటారైంది. ఎనిమిదో తరగతిలో మా గ్రౌండ్‌లో ఎండలో నిలబెట్టి "సావధాన్" అని అరిచిన గొంతు అది. టోపీ, ఈత కళ్ళద్దాలు, ముడతలు పడ్డ మెడ, వాటి కింద మా డ్రిల్ టీచర్. ఆమె నన్ను తేరిపార చూసి, "కాళ్ళు ఈడ్చుకుంట నడిచేటిదానివి, నువ్వే కదా?" అన్నారు. పేరు గుర్తు లేదు ఆమెకు. నడక గుర్తుంది.

ఆమె రిటైరయి చాలా కాలమైంది. పెళ్ళి చేసుకోలేదు. అశోక్ నగర్‌లో చెల్లెలి కుటుంబంతో ఉండేవారు. అక్కడి నుంచి రోజూ నడిచే వచ్చేవారు. దారి పొడుగునా కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, చాయ్ బండ్ల దగ్గర పుస్తకాల మీదికి వంగి కూర్చున్న పోటీ పరీక్షల పిల్లలు. ఆమె ఎవరి వీపు మీదైనా ఒక వేలితో తట్టి, "గిట్ల వంగి చదివితే కుర్చీ దొరికినాంక కూసునేతందుకు నడుముండది" అని సాగిపోయేవారు. వాళ్ళెవరో ఈమెకు తెలియదు. ఈమె ఎవరో వాళ్ళకూ తెలియదు. మొత్తానికి వీపులు మాత్రం లేచేవి.

నా కాళ్ళను ఆమె వెంటనే పట్టించుకున్నారు. నా చేత గోడ పట్టించి, కళ్ళద్దాలు సర్దుకొని నీళ్ళలో మునిగి నా పాదాలను చూశారు. పైకి వచ్చి చాలాసేపు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమైంది టీచర్?"

"ఏం గాలె. తప్పు నాదే. స్కూల్ల సావధాన్ అంటే ఎట్ల నిలబడాలె?"

"మడమలు కలిపి, వేళ్ళు విడదీసి."

"ఇగో, ఇంకా గట్లనే ఉన్నయి నీ కాళ్ళు. ఇన్నేండ్లకు కూడా నా మాట వింటున్నవ్. నీళ్ళల్ల దానికి ఉల్టా పిల్లా. మడమలు విడదియ్యి, బొటనవేళ్ళు కలుపు. ఒకదాన్నొకటి రాసుకుంట పోవాలె."

ఆ తర్వాత ఇంకో తప్పు కనిపెట్టారు. నా వేళ్ళు పైకి లేచి ఉంటున్నాయట. రోజంతా వదులు చెప్పులేసుకొని తిరిగే ఆడవాళ్ళకు చెప్పు జారకుండా వేళ్ళతో పట్టుకోవడం అలవాటైపోతుంది. నేను నీళ్ళలో కూడా చెప్పు పట్టుకున్నట్టే కొడుతున్నాను. పాదం అడ్డంగా నిలబడి నీళ్ళను ముందుకు తోస్తోంది, అందుకే మనిషి వెనక్కి పోతోంది. "ఈడ చెప్పులు యాడియే? ఇడిచిపెట్టు" అన్నారు. ఈ మాట తర్వాత మా బ్యాచ్‌లో వాడుకైపోయింది. ఎవరి కాలు బిగుసుకున్నా "చెప్పులు ఇడువు" అనుకుంటాం.

వదిలేయడం అంత తేలికా? చీలమండలు కొయ్యబారి ఉన్నాయి. వాటిని మెత్తబరచడానికి ఆమె ఇంటి పని ఇచ్చారు. పాదాలు వెనక్కి చాచి మడమల మీద కూర్చోవాలి. కుర్చీలో కాదు, నేల మీద. నేను షాపులో కౌంటర్ వెనక పాత తానులు పరుచుకొని వాటి మీద కూర్చునేదాన్ని. మొదట్లో పాదాల పైభాగం భగ్గుమనేది. బయట నుంచి చూస్తే కౌంటర్ మీద నా తల మాత్రమే కనిపించేది. మా ఆయన "ఏందే, నమాజ్ చేస్తున్నవా, ధ్యానమా?" అని ఎగతాళి చేసేవాడు. రవికె ముక్క కోసం వచ్చిన ఒకావిడ నా తల గమనించక దుకాణంలో ఎవరూ లేరనుకొని వెళ్ళిపోయింది. దాని మీద మా ఆయన ఒక పూట మాట్లాడలేదు.

కొట్టడంలో కూడా నాది మొరటు. ఎంత నురగ లేస్తే అంత ముందుకు పోతాననుకునేదాన్ని. "ఏంది, బట్టలు ఉతుకుతున్నవా?" అనేవారు టీచర్. "మోకాలు మడవకు. తుంటి కాడికెంచి కదిలియ్యి. బకెట్ల కాళ్ళు పెట్టినవనుకో. బకెట్ దాటి బయటికి రావద్దు. నీళ్ళు మరిగినట్టు ఉండాలె, చిమ్మొద్దు." నాకు బకెట్ గుర్తుండేది కాదు. ఒక రోజు ఆమెకు విసుగొచ్చి, "నీ దుకాణంల రిబ్బన్ ఉంటది కదా, మూరెడు తే" అన్నారు.

ఎర్ర శాటిన్ రిబ్బన్ తీసుకెళ్ళాను. ఆమె గట్టు మీద గొంతుక్కూర్చొని నా రెండు బొటనవేళ్ళనూ కలిపి దానితో కట్టారు. బిగించి కాదు. రెండింటి మధ్యా జానెడు వదులు ఉంచారు. కాళ్ళు మరీ విడిపోతే రిబ్బన్ లాగి గుర్తు చేస్తుంది, సరిగ్గా కొడితే కట్టినట్టే తెలియదు. "లూజుగనే కట్టాలె" అని ఆమె ప్రతిసారీ తనకు తానే చెప్పుకుంటూ కట్టేవారు. "గట్టిగ కడితే కాలు బెదురుతది." ఒక మాజీ స్టూడెంట్ కాళ్ళ దగ్గర డెబ్బై దాటిన టీచర్ కూర్చోవడం నాకు సిగ్గుగా ఉండేది. వద్దంటే వినేవారు కాదు. తర్వాత నేనే కట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ రిబ్బన్ నా సంచి పక్క జేబులోనే ఉంటుంది.

పలక మీద ముందుకు కదిలిన మొదటి రోజు నేను చిన్నపిల్లలా ఏడ్చానంటే మీరు నమ్మాలి. కదిలింది బారెడే. నా కాళ్ళు చేసిన పని నాకు తెలిసింది. ముసలితనం అంటే ఒక్కొక్కటీ పోవడమే అనుకుంటూ ఉన్నదాన్ని, కొత్తగా ఒకటి రావడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. టీచర్ ఏమీ మెచ్చుకోలేదు. "పలక ఇగ ఆడ పెట్టు" అన్నారు.

పలక లేకుండా ఈదడం మొదలెట్టాక ఇంకో చిక్కు. తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోయేవి, కత్తెరలా విడిపోయేవి. "ఊపిరి తీసుకునేది ముక్కు నోరు. కాళ్ళకు సెలవెందుకు ఇస్తున్నవ్?" అని ఆమె తిట్టు. ఆమె గట్టు మీద నడుస్తూ తొడ మీద అరచేత్తో చరుస్తూ స్కూల్లో కవాతు చేయించినట్టే "ఏక్, దో, తీన్" అని లెక్క పెట్టేవారు. చెవుల్లో నీళ్ళున్నా ఆ చప్పుడు వినిపించేది. దాని మీద కాళ్ళు నడిచేవి.

ఆమెది ఒక చండాలమైన నియమం ఉండేది. గోడ ముట్టుకోగానే అయిపోయినట్టు కాదు. గోడ కనబడగానే అందరూ కాళ్ళు వదిలేస్తారని, ఆ చివరి రెండు బారల్లోనే మనిషి మునుగుతుందని ఆమె అనేవారు. అందుకని గోడకున్న కడ్డీ పట్టుకొని కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉండాలి. ఆమె "విశ్రామ్" అన్నాకే ఆపాలి. కావాలని ఆలస్యం చేసేవారు. నేను రొప్పుతూ కడ్డీకి వేలాడుతుంటే విద్యానగర్ అక్కతో పెసరట్టు గురించి మాట్లాడుతూ నిలబడేవారు.

"టీచర్, జర విశ్రామ్ అనుండ్రి."

"అంటలే. ఏం తొందర? కాళ్ళేమన్న అరుగుతున్నయా?"

ఇంత చేసినా నేను పూల్ మొత్తం దాటలేకపోయాను. సగం దాటాక నేల వాలుగా కిందికి పోతుంది. కళ్ళద్దాల్లోంచి చూస్తుంటే టైల్స్ దూరమవుతాయి, నీలం చిక్కబడుతుంది. సరిగ్గా అక్కడ నా కాళ్ళు నిలిచిపోయేవి. పక్కన నీళ్ళ మీద తేలే తాడు పట్టేసుకునేదాన్ని. ప్రతిసారీ అక్కడే. నేను చేరేసరికే టీచర్ గట్టు మీద ఆ చోట ఆగి ఉండేవారు. టీచర్ తిట్టలేదు దానికి మాత్రం. "కింద ఎంత లోతుంటే నీకేంది? నువ్వు ఉండేది పైన" అన్నారు. అన్ని రోజులు ఆ మాట నాకు అర్థమైంది గానీ కాళ్ళకు అర్థం కాలేదు. చివరికి చలికాలానికి పూల్ మూసేలోగా దాటాలని ఒక రోజు అనుకున్నాం. "రేపు ఈ గోడకెల్లి ఆ గోడకు. నడుమ తాడు పట్టుకునుడు లేదు. నేను పక్కన నడుస్త" అన్నారు. నేను సరేనన్నాను. ఆ రేపే ఫోన్ వచ్చింది.

పూల్ నుంచి అశోక్ నగర్ వెళ్ళేసరికి ఇంటి ముందు టెంట్ వేస్తున్నారు. నా ఫోన్ మాటలు విన్న మా ఆయన షాపు తెరవకుండా నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. లోపల హాల్లో నేల మీద పడుకోబెట్టారు టీచర్‌ను. పూల్‌కు వచ్చే సల్వార్ కమీజులోనే ఉన్నారు ఇంకా. జుట్టు బిగించి ముడి వేసుకున్నారు, టోపీ పట్టడానికి వీలుగా. నేను గోడకానుకొని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇప్పుడు లేచి నన్ను తిడతారు, ఆలస్యమైందని, అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

వాళ్ళ బంధువుల్లో ఒక ముసలావిడ "కాళ్ళ బొటనవేళ్ళు కట్టాలె, గుడ్డపేలిక ఇయ్యుండ్రి" అంది. చనిపోయినవాళ్ళకు అలా కడతారని నాకు తెలియక కాదు. మా అత్తకు, మామకు కట్టగా చూశాను. ఎవరో తెల్లగుడ్డ చింపి ఇచ్చారు. ఆవిడ టీచర్ పాదాల దగ్గర కూర్చొని, రెండు బొటనవేళ్ళనూ కలిపి, పేలిక చుట్టి, బలంగా లాగి ముడి వేయబోయింది.

"జర లూజుగ కట్టుండ్రి" అన్నాను.

నేనే అన్నాను. పైకే అన్నాను. హాల్లో అందరూ తిరిగి చూశారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలావిడ నాకు పిచ్చెక్కిందన్నట్టు చూసింది. టీచర్ చెల్లెలు మాత్రం నన్ను చూసి, వెళ్ళి ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "లూజుగనే కట్టు వదినా" అంది. నా చెయ్యి సంచి పక్క జేబులో ఉంది. రిబ్బన్‌ను పిడికిట్లో పట్టుకొని ఉన్నాను. తీసి ఇవ్వలేకపోయాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

బయట టెంట్ కింద మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "డెబ్బై దాటినాంక ఈతలేంది చెప్పు. పొద్దుగాల పొద్దుగాల సల్లనీళ్ళల్ల దిగితే గుండె ఊకుంటదా?" అన్నాడొకాయన. పక్కనున్నాయన తల ఊపాడు. నాకు కోపం వచ్చింది. టీచర్ చెల్లెలు గడపలోకి వచ్చి నిలబడి, "అన్నా, ఇయ్యాల మా అక్క నీళ్ళల్ల దిగనే లేదు. రిటైరైనాంక మోకాళ్ళు పట్టుకొని మంచాన ఉండె. నీళ్ళే లేపినయి దాన్ని. నీళ్ళ మాట అనకుండ్రి" అంది. ఆయన వెళ్ళి టెంట్ కట్టేవాళ్ళతో ఒక చెయ్యి వేశాడు.

ఆ టెంట్ కింది మాటలు మా ఆయన మనసులో మాత్రం ఉండిపోయాయి. ఇంటికొచ్చి స్నానాలు చేసి, తిన్నామో లేదో తెలియని అన్నం తిన్నాక అన్నాడు. "నువ్వు ఇగ పోకు."

"డాక్టరే కదా పొమ్మన్నది."

"డాక్టర్ నూరు చెప్తడు. నాకు భయమైతుంది."

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు నేను. ఇంకేమైనా అని ఉంటే పోట్లాడేదాన్ని. నేను పోవడం మానేశాను. పూల్ ఆ చలికాలానికి మూసేసే రోజు దగ్గర పడుతోందని తెలుసు. షాపులో ఎవరైనా ఎర్ర రిబ్బన్ అడిగితే మా ఆయనను కొలవమని నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అయినా కౌంటర్ వెనక తానులు పరుచుకొని మడమల మీద కూర్చోవడం ఆగలేదు. టీచర్ ఇచ్చిన ఇంటి పని అది. ఆపమని ఆమె చెప్పలేదు.

దినం రోజు భోజనాలకు వెళ్ళాం. ఫొటో ముందు దండ. ఆ ఫొటోలో ఆమె చీరలో, నవ్వకుండా, అచ్చం డ్రిల్ టీచర్‌లా ఉన్నారు. నేను ఇంకా తేరుకోలేదని అప్పుడు అర్థమైంది, ఆ ఫొటో ఎందుకు పెట్టారో ఒక క్షణం తోచలేదు నాకు. గల్లీ మొగలో చాయ్ బండి దగ్గర కూర్చునే పిల్లలు ఇద్దరు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా నమస్కారం పెట్టి పోయారు. టీచర్ చెల్లెలు మా విస్తళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పోతున్నవా పూల్‌కు?"

"లేదక్కా."

"ఏం?"

"మా ఆయన భయపడుతుండు" అన్నాను. మా ఆయన పక్కనే తింటున్నాడు.

"నీకు లేదా భయం?"

"ఉన్నది. లోతు కాడికి పోతే కాళ్ళు ఆగిపోతయి."

"అక్కకు కూడ ఉండె. ఇన్నేండ్ల సంది ఈదుతున్నా, లోతు కాడికి పోయినప్పుడల్ల దాని గుండె జారేదట. రోజు ఇంటికొచ్చి చెప్పేది. గందుకే కాళ్ళు ఆపను అనేది. కాళ్ళు ఆడుతుంటే భయం ఎనకపడతదట."

టీచర్‌కు భయమా? గట్టు మీద చేతులు కట్టుకొని పెసరట్టు గురించి మాట్లాడే మనిషికి? నా కాళ్ళు ఎక్కడ ఆగుతాయో ఆమెకు ముందే ఎలా తెలిసేదో, ఆ ఒక్క తప్పుకు నన్ను ఎందుకు తిట్టలేదో అప్పుడు తెలిసింది. నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అని ఆ ఫొటో మీద కోపం కూడా వచ్చింది. మా ఆయన తినడం ఆపి విస్తరి మడిచి లేచాడు.

మర్నాడు పొద్దున నేను పాలు పొయ్యి మీద పెడుతుంటే స్కూటర్ తాళం చేత్తో పట్టుకొని వచ్చాడు. నా సంచి ఆయన భుజానికే ఉంది. "నడువు, దింపుత" అన్నాడు. పూల్ గేటు దగ్గర ఆపి, "నేను ఈడనే ఉంట" అని ఎదురుగా చాయ్ బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. లేడీస్ టైములో మగవాళ్ళను లోపలికి రానివ్వరు.

బ్యాచ్ ఆడవాళ్ళు నన్ను చూసి నీళ్ళలో పక్కకు జరిగి చోటిచ్చారు. టీచర్ తువ్వాలును విద్యానగర్ అక్క ఉతికి, మడిచి, రెయిలింగ్ మీదే పెట్టింది. దాన్ని ఎవరికి ఇవ్వాలో ఎవరికీ తోచినట్టు లేదు. నేను సంచిలోంచి రిబ్బన్ తీశాను. చూసుకొని మళ్ళీ పెట్టేశాను. నీళ్ళలో దిగి గోడను తన్ని బయలుదేరాను.

చెప్పులు వదిలాను. బకెట్ దాటకుండా కొట్టాను. తల తిప్పి ఊపిరి తీసుకున్నప్పుడల్లా గట్టు కనిపించేది. తడి గచ్చు, పైన ఆకాశం, ఎవరూ లేరు. తల లోపల పెడితే చప్పుడు లేదు. తొడ మీద చరిచే చప్పుడు కోసం చెవులు వెతుకుతున్నాయి. సగం వచ్చింది. టైల్స్ కిందికి జారిపోయాయి. నీలం చిక్కబడింది. గుండె జారింది నాకు. ఆమెకు కూడా జారేది, ఇక్కడే, ఈ నీళ్ళలోనే. కాళ్ళు ఆపలేదు. ఏక్, దో, తీన్ అని నాకు నేనే అనుకుంటూ పోయాను. నోట్లోకి నీళ్ళు పోయాయి, దగ్గొచ్చింది, అయినా తాడు పట్టుకోలేదు. నా రెండు బొటనవేళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవడం నాకు తెలుస్తూనే ఉంది. వాటిని ఎవరూ కట్టలేదు.

చెయ్యి గోడకు తగిలింది. కడ్డీ పట్టుకున్నాను. తల పైకెత్తి, అలవాటుగా, ఆమె నిలబడే చోటు వైపు చూశాను.

విద్యానగర్ అక్క వెనక నుంచి ఈదుకుంటూ వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చినవ్ కదా, ఇగ చాలు, ఆపు" అంది. నేను విన్నాను. కానీ ఆ మాట అనాల్సింది అక్క కాదు. కడ్డీ పట్టుకొని, గట్టు వైపే చూస్తూ, కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను.